తుఫాను పెట్టెలో అత్త ముడులు

నాకు సర్దడం వచ్చు. గొప్పకు చెప్పడం లేదు, గొప్పకు చెప్పుకున్నా తప్పు లేదు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మేముండే రెండు గదుల ఇంట్లో ఏ వస్తువైనా కళ్లు మూసుకుని తీసివ్వగలనని నలుగురిలో అనేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. తన లుంగీ ఎక్కడుందో కళ్లు తెరుచుకుని కూడా కనిపెట్టలేని మనిషి కాబట్టి ఆ నవ్వును నేనెప్పుడూ ఖాతరు చెయ్యలేదు.

అలాంటి నా ఇంట్లో, ఒక తుఫానుకు నాలుగు రోజులు కరెంటు పోతే, చేతికి దొరికినవి బొటనవేలంత కొవ్వొత్తి ముక్క, మెత్తబడిన అగ్గిపెట్టె, సగం తిన్న బిస్కెట్ పొట్లం. టార్చిలైటు ఉంది, బ్యాటరీలు లేవు. అన్నిటికంటే ఘోరం, ఫ్రిజ్‌లో పెట్టిన మా అత్త ఇన్సులిన్ పాడైపోయింది. ఆవిడకు చక్కెర జబ్బు. రోజుకు నాలుగు సూదులు పడాలి. మూడో రోజున మా ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో ఖిదిర్‌పూర్ అంతా తిరిగి, తెరిచి ఉన్న ఒకే ఒక్క మందుల షాపు పట్టుకుని కొత్త మందు తెచ్చాడు. అప్పటికి అత్త నోరు పిడచకట్టుకుపోయి, పిలిస్తే పలకడం కూడా తగ్గిపోయింది. ఆ రోజంతా నా ప్రాణం నా దగ్గర లేదు.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. వీధిలో నీళ్లు తీసిన మర్నాడే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పాను, ఇల్లు కాలుతుంటే బావి తవ్వే పని ఈ ఇంట్లో ఇక జరగదని. ఇంటిల్లిపాదీ అంటే ఎంతమంది? మా ఆయన, అత్త, పదో తరగతిలో ఉన్న మా అమ్మాయి. ముగ్గురూ తలలూపారు. తలలూపడంలో మావాళ్లకు సాటి లేరు.

పెట్టె అత్తదే. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్న ఆకుపచ్చ రేకు పెట్టె. మూత మీద పువ్వు బొమ్మ చెరిగిపోయింది గాని గొళ్లెం ఇప్పటికీ గట్టిదే. దాన్ని తోమి, ఎండబెట్టి, లోపల ప్లాస్టిక్ పరిచాను. అడుగున కాగితాలు, మధ్యలో తిండి, పైన వెలుతురు సామాను. బ్యాటరీలు, కొవ్వొత్తులు, మూత బిగిసే డబ్బాలో అగ్గిపెట్టెలు, ఈల, నైలాను తాడు. తిండికి అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, గ్లూకోజ్ పొట్లాలు. నీళ్లు శుభ్రం చేసే మాత్రలు. అత్త మంచం మీద కూర్చుని, కంటి పొరల్లోంచి నావైపు చూస్తూ అన్నీ వింటోంది. ఆవిడకు చూపు మసక, చెవులు మాత్రం పిల్లి చెవులు.

"కాయితాలెక్కడెట్టినావు?" అంది.

"అడుగునత్తా. భద్రంగా ఉంటాయి."

"మనింటికి నీళ్లు పైనుంచొస్తాయేటే? కిందనుంచి కదా వస్తాయి. ముందు తడిసీవి అయ్యే."

నిజమే. ముప్పయ్యేళ్లు మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చిన మనిషి ఆవిడ. ఏ కాలువ ముందు పొంగుతుందో, ఏ సందులో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో ఆవిడకు తెలిసినంతగా ఈ వార్డులో ఎవరికీ తెలియదు. కాగితాలు పైకి మార్చాను. నేనూ అదే అనుకుంటున్నానని చెప్పాను. అబద్ధమే, కాని ఇంటి పెద్దరికం ఒక్క మాటతో వదులుకోలేం కదా.

ఆ తర్వాత ఎండు చేపల గొడవ వచ్చింది. నేను బడికి వెళ్లొచ్చేసరికి పెట్టెలో ఎండు నెత్తళ్ల పొట్లం, చింతపండు, ఎండు మిరపకాయలు చేరి ఉన్నాయి. ఆధార్ కార్డులు, మా అమ్మాయి పుట్టిన సర్టిఫికెట్, అన్నీ ఒకటే కంపు. నేను కేకలు వేశాను. అత్త చలించలేదు.

"నాలుగు రోజులు అటుకులు బెల్లం తింతావా? రెండోపూటకే ఎగటు కొట్టీదా? నోటికి కారం ఉంటేనే మనిషికి దైర్నం."

చింతపండూ మిరపకాయలూ ఉండనిచ్చాను. చేపలను డబ్బాలో పెట్టి వంటింటి గోడకు వేలాడదీశాను. దాన్ని రాజీ అనాలో ఓటమి అనాలో నేను తేల్చుకోలేదు.

ఇక మందుల సంగతి. రోజూ వాడే వస్తువు పెట్టెలోనే ఉంటే అవసరానికి వెతుక్కోనక్కర్లేదు, గడువు దాటిపోయిందన్న బాధా ఉండదు. అందుకని అత్త ఇన్సులిన్ పెన్నులు, చివర తిప్పి మోతాదు పెట్టుకునే సూదులు, రెండూ పెట్టెలోనే పెట్టాను. ఒకటి తిండికి ముందు మూడు పూటలా ఎనిమిదేసి పాయింట్లు వెయ్యాల్సింది. రెండోది పడుకోబోయే ముందు ఒక్కసారి ఇరవై రెండు. చూడ్డానికి రెండూ కవలలు. తారుమారైతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. పడుకునే ముందు వెయ్యాల్సినంత మోతాదు ఆ తిండి మందుది వేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి మనిషి లేవకపోవచ్చని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు. కొత్త పెన్నులు ఫ్రిజ్‌లో. కరెంటు పోతే వాటిని పెట్టడానికి తడి ఇసుకలో చిన్న మట్టికుండ కూడా సిద్ధం చేశాను. ఎవరైనా వచ్చి చూసి నేర్చుకోవచ్చు, అంత చక్కటి ఏర్పాటు.

రెండు పెన్నులకూ రెండు గుడ్డ సంచులు కుట్టాను, మూతికి నాడా ఎక్కించాను. పెట్టెలోని ప్రతి డబ్బాకూ, ప్రతి సంచికీ చీటీ రాసి అతికించాను, కుట్టాను. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు, గొలుసుకట్టు రాత. విజయనగరంలో చదువుకున్నప్పుడు నా దస్తూరీకి బహుమతి వచ్చింది. ఒక సంచి మీద 'భోజనానికి ముందు', ఇంకోదాని మీద 'పడుకోబోయే ముందు'. మందుల పట్టిక కూడా తెలుగులోనే అందంగా తిరగరాసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, డాక్టరు రాసిన కోడిగీతల చీటీని నా హ్యాండుబ్యాగులో పడేసుకున్నాను. పెన్నులతో వచ్చిన అట్టపెట్టెలు, కాగితాలు చెత్తని పారేశాను.

ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివాడు. అత్తకు అక్షరం ముక్క రాదు. మా అమ్మాయి ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, అచ్చులు దాటి చదవమంటే "మా, ప్లీజ్" అంటుంది. ఈ సంగతి నాకు తెలియదా? బాగా తెలుసు. కనీసం డబ్బాల మీదైనా తెలుగు ఉంటే పిల్ల కంట్లో పడుతుందని నా పంతం. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

నెల తిరక్కుండా నా సంచులకు దారాలు వేలాడసాగాయి. ఎర్ర దారం, నల్ల దారం, చీర పేలికలు. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, అటుకుల డబ్బాకు పెద్ద బొడిపె. అత్త పనే.

"ఏటత్తా ఇది? ముచ్చటగా సర్దుకున్న పెట్టెని పాత గుడ్డల మూట చేసేశావు."

"నీ రాతలు నువ్వు సదువుకో. నా ముడులు నాకుండనీ."

అవేమిటో అప్పుడు మా ఆయన చెప్పాడు. అత్త పనికి వెళ్లే రోజుల్లో వార్డు గోడౌన్‌లో నలభై చీపుర్లు గోడకు ఆనించి ఉండేవట. తెల్లారకముందే, దీపం లేని గదిలో, ఎవరి చీపురు వాళ్లు తీసుకోవాలి. అరిగిన చీపురు చేతికొస్తే ఆ రోజు నడుం విరిగినట్టే. అందుకని ప్రతి ఆడమనిషీ తన చీపురు కర్రకు గుడ్డపేలిక కట్టి తనదైన ముడి వేసుకునేది. అత్తది రెండు ముడులు, మధ్యన వేలెడు ఎడం. ముప్పయ్యేళ్లలో ఒక్కరోజు కూడా ఇంకొకరి చీపురు పట్టలేదట.

కథ బాగుంది. నా పెట్టె మాత్రం బాగాలేదు. వైశాఖంలో గాలులు మొదలయ్యాక ఒక ఆదివారం అన్నీ దించి తుడిచి మళ్లీ సర్దాను. ఆ పొద్దున అత్తకూ నాకూ పప్పులో ఉప్పు గురించి మాటా మాటా వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, కత్తెర తీసుకుని ఆ దారాలన్నీ కచకచా కోసి చెత్తబుట్టలో వేశాను. కత్తెర చప్పుడు అత్తకు వినపడింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం చూసి గెలిచాననుకున్నాను.

తర్వాతి వారంలోనే తుఫాను హెచ్చరిక వచ్చింది. మా ఆయన రేవులో క్రేన్ల దగ్గర పనిచేస్తాడు. గాలివాన అంటే వాటికి కట్లు బిగించాలి కాబట్టి ముందురోజే డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను గంగకు అవతల టికియాపారాలో చిన్న బడిలో టీచర్ని. రైలు పట్టాల పక్క గుడిసెలవాళ్లను మా బడిలో ఉంచుతున్నారు, గదులు తెరిచి అప్పగించి మధ్యాహ్నానికి వచ్చేద్దామని పొద్దున్నే బయల్దేరాను. పొద్దుటి సూది వేసి, మధ్యాహ్నానిది నేనొచ్చి వేస్తానని చెప్పాను. మా అమ్మాయికి ధైర్యం చెప్పాను కూడా. "పెట్టెలో అన్నీ రాసి పెట్టాను. చూసుకుంటే చాలు."

సాయంత్రానికి గాని రాదనుకున్న గాలి పన్నెండింటికే వచ్చేసింది. బడి ముందున్న రేకులు లేచిపోయాయి. బస్సులు లేవు, రైళ్లు ఆగిపోయాయి. గంగ దాటి ఇవతలికి వచ్చే దారే లేదు. ఒంటిగంటకు ఇంటికి ఫోను కలిసింది.

"మా, కరెంటు పోయింది. మామ్మకి సూది నేనే వేస్తా, ఏం టెన్షన్ లేదు," అంది మా అమ్మాయి. వెంటనే గొంతు మారింది. "రెండు సంచుల మీదా ఏం రాశావు మా? నాకు చదవడం రావట్లేదు. రెండింట్లోనూ చివర ఒకటే మాటలా ఉంది. పట్టికలో ఎనిమిది, ఇరవై రెండు కనిపిస్తున్నాయి. ఏది ఏ—"

అంతే. లైను తెగింది. మళ్లీ కలవలేదు. నా ఫోనులో నెట్‌వర్కు గీతలన్నీ మాయమయ్యాయి. బడిలో ఉన్న అందరి ఫోన్లూ అడుక్కుని చూశాను. ఏదీ కలవలేదు.

ఆ వరండాలో నిలబడి హ్యాండుబ్యాగు తెరిస్తే డాక్టరు చీటీ కనిపించింది. ఇంట్లో ఉంటే ఆ కోడిగీతలనైనా పిల్ల కూడబలుక్కుని చదివేది, లేదా పక్క కొట్టు బెంగాలీ దాదాకు చూపించి అడిగేది. అది నా దగ్గరుంది. మందుల కాగితాలు నేను పారేశాను. నా ముత్యాల్లాంటి అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. అప్పుడు గుర్తొచ్చింది, దారాలు కూడా నేనే కోసేశాను. అత్త చేతివేళ్లకు తెలిసిన ఒక్క గుర్తునూ కత్తెరతో కోసి చెత్తలో వేసిందాన్ని నేనే. నాకు ఏడుపు వచ్చింది. గుడిసెల నుంచి వచ్చిన ఒక బిహారీ ముసలావిడ నన్ను పట్టుకుని కూర్చోబెట్టి, ఇల్లు పోయిందా బేటీ అని అడిగింది. ఏమని చెప్పను? సర్దడం బాగా వచ్చని చెప్పనా?

ఆ మధ్యాహ్నమూ రాత్రీ ఎలా గడిచాయో రాయను. తెల్లారగానే నడక మొదలుపెట్టాను. హౌరా స్టేషన్ దాకా కాళ్లతో, వంతెన మీద ఒక పాలవాన్‌లో, ఆపైన మళ్లీ కాళ్లతో. దారి పొడుగునా పడిన చెట్లు. మా సందులో నడుం లోతు నీళ్లు, బురద. పక్క కొట్టు దాదా తన మెట్ల మీద నిలబడి నన్ను చూసి "బౌది, ఎషే గ్యాఛో?" అన్నాడు, వచ్చేశావా వదినా అని. వచ్చాను గాని, ముందు ఆయన మొహం చూశాను. మామూలుగానే ఉంది. అప్పటికి గాని నా కాళ్లు మా అరుగు మెట్లెక్కలేదు.

మావాళ్లిద్దరూ ఇటుకల మీద ఎత్తిపెట్టిన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అటుకుల్లో చింతపండు పులుసూ మిరపకాయా నలుపుకుని తింటున్నారు. అత్త మొహం తేటగా ఉంది. నేను గుమ్మంలోనే కూలబడి బోరుమన్నాను.

"ఓలమ్మా, ఏటయిందే? రేవుకాడ ఆడికేటైనా అయిందేటి?" అత్త కంగారుపడింది.

"నీకే... సూది... ఏది వేశారు?"

మా అమ్మాయి చెప్పింది. ఫోను తెగిపోయాక అది కాసేపు ఆలోచించిందట. అంకె పెద్దగా ఉన్నదే తిండికి ముందు వేసేదై ఉంటుంది, తిన్నది అరగాలి కదా అనుకుందట. చేతికొచ్చిన పెన్ను తీసి ఇరవై రెండు దాకా తిప్పింది. ఆ పెన్ను తిండి మందుది. డాక్టరు రెండుసార్లు హెచ్చరించిన తప్పు అచ్చంగా అదే.

"తిప్పుతుంటే మామ్మ ఆగమంది మా. టిక్కులు ఎక్కువైపోయాయంది."

పెన్ను తిప్పినప్పుడు పాయింటుకొక టిక్కు వినిపిస్తుంది. నేను రోజూ తిప్పుతాను, ఎప్పుడూ వినలేదు, అంకె చూస్తాను. అత్త రోజూ వింది. తిండి ముందు ఎనిమిది టిక్కులు, పడక ముందు ఇరవై రెండు. తప్పుగా తిప్పిందని వినగానే పిల్ల చేతిలోని సంచులు రెండూ అడిగి తీసుకుని, నాడాలు తడిమి, ఇది తిండిది, ఇది పడకది అని చెప్పి, ఎనిమిది టిక్కులకు తిప్పించి వేయించుకుందట. సాయంత్రమూ అంతే. పడుకునేటప్పుడూ అంతే.

"నాడాలు తడిమితే ఎలా తెలిసింది? దారాలు కోసేశాను కదత్తా."

"దారాలు కోసీసినావు. నాడాలు కోసీలేదు కదా." అత్త చెయ్యి చాపి తిండి మందు సంచి నా ఒళ్లో వేసింది. నాడా కొసన ఒక ముడి. పడక మందుదానికి రెండు ముడులు, మధ్యన వేలెడు ఎడం. "అవి కోసిన్రాత్రే నువ్వు నాకు సూదేసి, పెన్ను సంచిలో ఎట్టీసి వంటింట్లోకెల్లినావు. ఏ సంచి మూత్తాడు బిగించినావో నాకు వినపడింది. బేగి కట్టీసినాను."

వారం రోజులు, రోజుకు నాలుగుసార్లు, ఆ నాడాలను నా చేత్తోనే విప్పి నా చేత్తోనే బిగించాను. చీటీ చూశానే గాని ముడి చూడలేదు. ఇంత సర్దుకునే మనిషిని, నా కంటి ముందున్నది కనపడలేదు.

"మరి నేను కోస్తుంటే ఎందుకు ఊరుకున్నావత్తా? ఒక్క మాట అనొచ్చు కదా."

"అంటే ఇంతావా నువ్వు?"

వినను. అది ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని క్షమించమన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, ముందు తడిబట్టలు మార్చుకోమంది.

ఆ మధ్యాహ్నం, మా ఆయన క్షేమంగా ఉన్నాడని రేవు నుంచి కబురు వచ్చాక, నేను మార్కరు తీసి చీటీలన్నీ బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ తిరగరాయమని మా అమ్మాయికి ఇచ్చాను. తెలుగు తియ్యలేదు, పైన ఉండనిచ్చాను. ఇప్పుడది వాటిని పోల్చుకుని చదువుతోంది, అదీ ఒక లాభమే. డాక్టరు చీటీ పెట్టె మూతకు లోపలివైపు అతికించాను. దారాలు కట్టే పని అత్తకు వదిలేశాను. అన్నీ అయ్యాక నా పెట్టెను చూసుకుంటే మళ్లీ గర్వమే వచ్చింది. పోనీండి, నా బుద్ధి అంతే.

"అయిపోయిందేటి?" అంది అత్త.

"అయిపోయిందత్తా. ఇక కళ్లు మూసుకుని ఏదైనా తీసివ్వగలను."

"ఏదీ, ఇలగ్రా."

తన భుజం మీది తువ్వాలు తీసి నా కళ్లకు గట్టిగా కట్టింది. ముడి బిగించడంలో ఆవిడకు ఎవరు సాటి? రెండు సంచులనూ అటూ ఇటూ మార్చి నా ముందు పెట్టిన చప్పుడు వినిపించింది. మా అమ్మాయి కిసుక్కుమంది.

"నాకాకలేస్తంది. తిండి ముందుది తియ్యి."

తడిమాను. ఒక నాడా దొరికింది, కొసన ముడి తగిలింది. ఒకటే. నాకు తెలుసు. ధీమాగా తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

అత్త నా వేళ్లను పట్టుకుని ఆ నాడా మీద ఇంకొంచెం ముందుకు జరిపింది, వేలెడు ఎడం దాకా. అక్కడ ఇంకో ముడి తగిలింది. తర్వాత ఆవిడ నవ్వింది.

"నన్ను సంపీసినావే కోడలా," అని సంచి నా ముందు పెట్టేసింది. "మళ్లా తియ్యి."